దసరా తర్వాత మహేంద్రగిరి ఎక్కాలంటే ఎలా సిద్ధం కావాలి?

దసరా సెలవుల నుంచి కార్తీకమాసం చివరిదాకా ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ చుట్టుపక్కల కొండలు ఎంత పచ్చగా ఉంటాయో అంత జారుడుగానూ ఉంటాయి. వానలు తగ్గుముఖం పడతాయి గానీ మట్టిలో తడి ఆరదు. తుఫాన్ల కాలమూ ఇదే. పైగా పొద్దు త్వరగా కుంకుతుంది. గజపతి జిల్లాలోని మహేంద్రగిరి 1,501 మీటర్లు, కోరాపుట్ దగ్గరి దేవమాలి 1,672 మీటర్లు. ఓపికున్న వాళ్లెవరైనా ఎక్కగలరు. ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఆలస్యంగా దిగడం వల్లే వస్తాయి. శివరాత్రికైతే మహేంద్రగిరి దారంతా జనమే. అక్టోబరులో కాలు మడతపడితే కేకేసినా పలికే దిక్కుండదు.

ముందు బంగాళాఖాతం సంగతి చూసుకోండి

2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. కాబట్టి తేదీ అనుకున్నాక వారం ముందు నుంచే వాతావరణ శాఖ సూచనలు చూస్తూ ఉండండి. ఒడిశా వైపు కొండలకు భువనేశ్వర్ కేంద్రం ఇచ్చే జిల్లాలవారీ హెచ్చరికలు చూడాలి. మన ఊళ్లో ఎండ కాస్తోందని బయల్దేరడం తప్పు. అల్పపీడనం మాట వినిపిస్తే వాయిదా వేసుకోండి. పెద్దవాన పడితే, తెరిపిచ్చాక కనీసం రెండు రోజులు ఆగండి. పిడుగుల కోసం ఫోన్లో దామిని యాప్ పెట్టుకోండి. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే శిఖరం, గడ్డిమైదానం, ఒంటరి చెట్టు మూడూ వదిలి కిందికి దిగాల్సిందే.

టైము లెక్క ఇంట్లోనే తేల్చుకోండి

మామూలు నడకకు గంటకు 300 మీటర్ల ఎత్తు లెక్కేసుకోండి. 1,200 మీటర్లు ఎక్కాలంటే నాలుగు గంటలు, ఆగి కూర్చునేందుకు ఇంకో గంట. దిగడానికి మూడు, మూడున్నర గంటలు. నవంబరు మధ్యలో ఇక్కడ సాయంత్రం ఐదుంపావుకే సూర్యుడు దిగిపోతాడు, చెట్ల కింద ఇంకో అరగంట ముందే చీకటి. అందుకే ఉదయం ఆరింటికి మొదలుపెట్టండి. మధ్యాహ్నం 12కి ఎక్కడున్నా, శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా వెనక్కి తిరగాలి. ఈ మాట బయల్దేరకముందే గుంపులో అందరితో ఒప్పించండి. పైకెళ్లాక ఒప్పించడం అయ్యే పని కాదు.

మరి నాలుగింటికే లేచి చీకట్లోనే బయల్దేరితే? వద్దు. కొండ దిగువన, ముఖ్యంగా మందస వైపు జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. తెల్లవారుజామునే ఎదురుపడే అవకాశం ఎక్కువ. వెలుగొచ్చాక, మాట్లాడుకుంటూ నడవండి. చప్పుడు వింటే అవే తప్పుకుంటాయి. లఖారీ అభయారణ్యం చుట్టుపక్కల ఏనుగులు కూడా ఉంటాయి. కింది ఊళ్లో ‘ఈ వారం ఎటు తిరుగుతున్నాయి?’ అని అడగనిదే అడుగు వేయకండి. ఈ ఊళ్లలో సవర, ఒడియా, తెలుగు కలగలిసి నడుస్తాయి. దారి తెలిసిన మనిషిని కూలి మాట్లాడుకుని వెంట తీసుకెళ్తే సగం భయం తీరినట్టే.

ఎటు ఎక్కుతున్నారు, ఎటు దిగుతున్నారు, ఎన్నింటికి ఫోన్ చేస్తారు అన్నది కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. లోయల్లో సిగ్నల్ ఉండదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

షూ కట్టే పద్ధతి

అడుగున లోతైన గాడులున్న షూ కావాలి. కొత్తవైతే రెండు వారాలు ఊళ్లో తొడిగి నడవండి. కూర్చుని మడమను నేలకు రెండుసార్లు తట్టండి. పాదం వెనక్కి సర్దుకుంటుంది. అప్పుడు పాదం చీలమండలోకి వంగేచోట లేసును రెండు మెలికలు వేసి బిగించి, పై కన్నాలు విడిగా కట్టండి. ఎక్కేటప్పుడు పైభాగం కాస్త వదులుగా ఉన్నా ఫర్వాలేదు. దిగేముందు మాత్రం విప్పి మళ్లీ బిగించాలి. లేకుంటే ప్రతి అడుగుకూ బొటనవేలు ముందుకు గుద్దుకుని, కిందికొచ్చేసరికి గోరు నల్లబడుతుంది.

ఒక చేతికర్ర తప్పనిసరి. ఈ కాలంలో పైన గడ్డి మోకాలు దాటి పెరుగుతుంది, కింద గుంటేదో రాయేదో కనబడదు. కర్రతో ముందు తట్టి, తర్వాత అడుగెయ్యండి. పామున్నా తప్పుకుంటుంది.

సంచిలో ఏం పెట్టాలి?

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు. పొట్లం మీద లీటరు అని ఉంటే పూర్తిగా లీటరు నీళ్లలోనే కలపాలి, సగం నీళ్లలో చిక్కగా కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ. వాగునీరు ఎంత తేటగా ఉన్నా బాగా మరిగించందే తాగొద్దు. తిండికి పులిహోర, అటుకులు, బెల్లం, వేయించిన పల్లీలు చాలు. ఎండలో మోసుకెళ్లే పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది.

వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చల్లదనం. పర్లాకిమిడిలో 28 ఉంటే మహేంద్రగిరి పైన 20 లోపే. చెమటతో తడిసిన చొక్కాకు గాలి తగిలితే వణుకు పుడుతుంది. అందుకని ఒక పొడి చొక్కా, ఒక స్వెట్టర్. సంచి లోపల పెద్ద పాలిథిన్ కవరు పరిచి బట్టలు అందులో పెట్టండి. పైన కప్పే రెయిన్ కవరు వీపు వైపు తడిని ఆపలేదు. మనిషికో టార్చి, విడిగా బ్యాటరీలు. ఫోను లైటును నమ్ముకోకండి.

దారిలో

వాగు మోకాలి దాటి, వడిగా పారుతుంటే దాటొద్దు. నీరు బురదరంగుకు మారి పుల్లలు కొట్టుకొస్తున్నాయంటే పైన వాన పడినట్టే. నిమిషాల్లో పెరుగుతుంది.

పాము కాటేస్తే కొయ్యొద్దు, పీల్చొద్దు, గట్టిగా తాడు కట్టొద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, విరిగిన ఎముకకు కట్టినట్టు కర్ర, తువ్వాలుతో కాలు కదలకుండా కట్టి, మనిషిని మోసుకుని దించండి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. పామును చంపి పట్టుకెళ్లే పనిలేదు. మన దేశంలో ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే.

దిగాక

అదే రోజు వేడినీళ్లతో స్నానం చేసి, బట్టలు ఉతికేయండి. చంకలు, గజ్జలు, నడుము దగ్గర పురుగు కుట్టిన గుర్తులున్నాయేమో వెతకండి. ఒడిశా దక్షిణ జిల్లాల్లో మలేరియా ఉంది. పొదల్లోని నల్లిలాంటి సూక్ష్మ పురుగులతో వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా ఈ కాలంలోనే ఎక్కువ. కుట్టినచోట ఒక్కోసారి నల్లటి పొక్కు కడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి చాలామంది గమనించరు. దిగిన మూడు వారాల్లోపు జ్వరం వస్తే పారాసెటమాల్‌తో సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి. ఫలానా తేదీన కొండెక్కామని డాక్టరుకు మీరే చెప్పండి.