పళ్ల డాక్టరంటే ఉన్న భయం ఎలా తగ్గిందంటే

రూట్ కెనాల్ చేయించుకోమన్నా, ఆ డ్రిల్లు శబ్దం గుర్తొస్తేనే అరచేతులకు చెమటలు పట్టేవి, అందుకే రెండేళ్లు మాత్రలతోనే నెట్టుకొచ్చాను. చివరికి డాక్టరుగారికి నా భయం ఉన్నదున్నట్టు చెప్పేశాను. నైట్రస్ ఆక్సైడ్ ఇద్దామన్నారు, అంటే పీలిస్తే ఆందోళన తగ్గించే గ్యాస్. ముక్కు మీద మెత్తటి రబ్బరు మాస్కు, అందులోంచి ఆక్సిజన్‌తో కలిపిన గ్యాస్. నాలుగైదు నిమిషాలకు వేళ్ల చివర్లు జివ్వుమన్నాయి, బిగపట్టుకున్న భుజాలు వాటంతటవే దిగిపోయాయి. నిద్రేం పట్టలేదు, డాక్టరుగారి మాట వినిపిస్తూనే ఉంది. చిగుళ్లకు మత్తు ఇంజెక్షన్ మాత్రం విడిగా ఇవ్వాల్సిందే, ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. అయ్యాక 5 నిమిషాలు ఉత్తి ఆక్సిజన్ ఇచ్చారు, తల తేలికపడింది. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంటే ఇది సరిగా పనిచేయదు. గ్యాస్ కాకుండా మాత్రతో ఇచ్చే సెడేషన్ (మగతగా ఉంచడం) అయితే తోడు మనిషి ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు.