చిత్తకార్తె రాకముందే: మనుషుల్ని చూసి ఎగబడే కుక్క ఇంట్లో ఉంటే పండగల జాగ్రత్తలు

వినాయక చవితి నుంచి దీపావళి దాకా మా నల్లగొండలో వీధి నిమ్మళంగా ఉండే రోజు తక్కువ. మండపాల మైకులు, నిమజ్జనం తీన్మార్, తొమ్మిది రోజుల బతుకమ్మ, దసరాకు జమ్మి ఆకు పట్టుకొని ఇంటింటికీ తిరిగే చుట్టాలు, ఆఖరికి పటాకులు. వీటి నడుమ అక్టోబర్ రెండో వారంలో చిత్తకార్తె. ఆ రెండు వారాలు వీధికుక్కల గుంపులు ఎట్లా తిరుగుతాయో చెప్పక్కర్లేదు, దాని మీద తిట్టే పుట్టింది.

ఇంట్లో బుద్ధిగా ఉండి, గేటు దాటగానే మనిషినో బండినో ఇంకో కుక్కనో చూసి మొరుగుతూ మీదికి ఉరికే కుక్కను ఇప్పుడు రియాక్టివ్ డాగ్ అంటున్నారు. అలాంటిది ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ రెండు నెలలు పరీక్షలే. చదువు మాత్రం శ్రావణంలోనే మొదలు కావాలి. నిమజ్జనం రోజు జనంలోకి తీసుకెళ్లి అలవాటు చేద్దామనుకోవడం, ఈత రానివాణ్ని సాగర్ గేట్లెత్తిన రోజు కృష్ణలో దింపడం లాంటిది.

రెండేళ్ల కింద ఆ పని చేసింది నేనే. మా టైగర్ పేరుకే టైగర్. 22 కిలోల నాటు కుక్క. ఇంట్లో మా అమ్మ కొంగు వదలడు, బయట హెల్మెట్ పెట్టుకున్న మనిషి కనిపిస్తే వణుకు. ‘నలుగురిలో తిప్పితే అదే తగ్గుతుంది’ అని ఎవరో అంటే, నిమజ్జనానికి ముందురోజు సాయంత్రం మండపం ముందు నుంచి తీసుకెళ్లాను. డప్పు ఇంకా మొదలు కాలేదు. అంతదాకా వేలాడుతున్న నాలుక లోపలికి పోయింది, నోరు మూసుకుంది. తోక కర్రలా బిగిసింది. కంటి మూల తెల్లగుడ్డు కనిపించింది. పెదవులు రెండుమూడు సార్లు నాక్కున్నాడు. ఇవన్నీ తర్వాత గుర్తుచేసుకున్నవి, అప్పుడు నా చూపు సీరియల్ లైట్ల మీద ఉంది. మొదటి దెబ్బ పడగానే ఎగిరాడు. నేను గొలుసు బిగించి లాగాను. గింజుకుంటూ వెనక్కి తిరిగి నా పిక్కే పట్టాడు. వాడికి నా మీద కోపమేం లేదు. ఆ గాభరాలో నోటికి అందింది నా కాలు.

ఇలాంటి కుక్కల్లో చాలావాటిది పొగరు కాదు, భయం. మొరిగితే ఎదుటివాడు వెళ్లిపోతాడని నేర్చుకుంటాయి. నిజానికి అతను తన దారిన తాను పోతుంటాడు, కుక్క మాత్రం తానే తరిమాననుకుంటుంది. కొన్నింటిది ఆత్రం: వెళ్లి ఆడుకోవాలని ఉంటుంది, గొలుసు ఆపుతుంది, అది అరుపవుతుంది. ఏదైనా కొడితే పోదు. డప్పు వినబడినప్పుడల్లా వీపు మీద దెబ్బ పడితే డప్పంటే భయం రెట్టింపవుతుంది. గుర్రుమన్నందుకు కొడితే, గుర్రుమనకుండా నేరుగా కరిచే కుక్క తయారవుతుంది. గుర్రుమనడం మనకొచ్చే హెచ్చరిక, దాన్ని చెడగొట్టుకోవద్దు.

దీనికి మందల్లా దూరమే. ప్రతి కుక్కకూ ఒక గీత ఉంటుంది. గీతకు అవతల ఉంటే చూస్తుంది, ఆలోచిస్తుంది, పిలిస్తే తిరుగుతుంది. గీత దాటితే చెవులు పని చేయవు. టైగర్ గీత మొదట్లో దాదాపు వంద అడుగులు. మేం ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లోకి వెళ్లేవాళ్లం కాదు. పొద్దున వాకింగ్ చేసేవాళ్లు కనిపించేంత దూరంలో, రోడ్డు పక్కన నిలబడేవాళ్లం. మనిషి కనిపించాడా, ఉడికించిన కోడి ముక్క నోట్లో. మనిషి పోయాడా, ముక్కలు బంద్. ఈ వరుస తప్పొద్దు: ముందు మనిషి, తర్వాత ముక్క. ముందే ముక్క చూపిస్తే కొన్నాళ్లకు ముక్కను చూసే అనుమానపడుతుంది, ‘ఎవడో వస్తున్నాడన్నమాట’ అని. మన చదువుల్లో పావ్‌లోవ్ అని ఒక రష్యన్ శాస్త్రవేత్త పాఠం ఉండేది కదా, తిండికి ముందు వినిపించే చప్పుడుకే కుక్కకు నోరూరడం గురించి. ఇదీ అదే, మనిషి కనిపిస్తే నోరూరాలి.

ముక్క చిటికెన గోరంత చాలు, కాని మామూలు బిస్కెట్ సరిపోదు. కోడి ముక్కో లివరో పనీరో, ఇంట్లో ఎప్పుడూ దొరకనిది కావాలి. ఉల్లిపాయ, కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ మాత్రం పెట్టొద్దు, కుక్కకు విషం. ముక్క మెల్లగా అందుకుంటే దూరం సరిపోయినట్టు. వేళ్లతో సహా లాక్కుంటే దగ్గరయ్యాం. అసలు వాసనే చూడకపోతే గీత దాటేశాం, వెనక్కి నడవాలి. పది నిమిషాలు చాలు, వారానికి నాలుగు రోజులు. వారమంతా కుదురుగా ఉన్నాడని ఐదడుగులు జరుగుతాం. ఒక రోజు బండి హారన్‌కు ఉలిక్కిపడి, ఇంకో గల్లీలో కుక్కతో అరుచుకొని ఉంటే, ఆ రోజుకు, వీలైతే మర్నాడు కూడా బయట పాఠం ఆపేయాలి. బెదురు మీద బెదురు పేరుకుంటే గీత ఇంకా వెనక్కి పోతుంది.

జనంలో పనికొచ్చే పాఠాలు ఇంట్లోనే నేర్పాలి. నాకు అన్నింటికంటే అక్కరకొచ్చింది వెనక్కి తిరగడం. ‘పద’ అంటాను, ఇద్దరం గిర్రున తిరిగి వచ్చిన దారినే పోతాం. హాల్లో నేర్పాను, తర్వాత వాకిట్లో, తర్వాత ఖాళీ గల్లీలో. ఆటలా చెప్పాలి, గొంతులో కంగారు ఉండకూడదు. మలుపు తిరగ్గానే ఎదురుగా మనిషి వస్తే ఆలోచించే టైమ్ ఉండదు, కాళ్లకు అలవాటై ఉండాలి. రెండోది ‘వెతుకు’. గుప్పెడు ముక్కలు గడ్డిలో చల్లుతాను, మూతి నేలకు ఆనించి వెతుక్కుంటాడు. ముక్కు పనిలో పడితే ఒళ్లు సడలుతుంది. డప్పుల చప్పుడు కూడా ఇంట్లోనే, ఫోన్‌లో, చెవి పెడితే గాని వినబడనంత చిన్నగా మొదలుపెట్టి, అన్నం తినేటప్పుడు వినిపించాలి. ఫోన్ చప్పుడుకు కదలని కుక్క అసలు డప్పుకు ఉరకవచ్చు, దాని మీద ధీమా పెట్టుకోవద్దు.

సామాను విషయానికి వస్తే, మెడకు బిగిసే గొలుసు మానేయండి. ఛాతీ మీదుగా వచ్చే హార్నెస్, ఆరడుగుల గట్టి పట్టీ చాలు, బటన్ నొక్కితే సాగే పట్టీలు వద్దు. పట్టీ వదులుగా ఉండాలి. దూరాన మనిషిని చూసి మనం చేయి బిగిస్తే ఆ టెన్షన్ పట్టీ వెంబడి కుక్క దాకా పోతుంది. మెడ బెల్టు మీద ఫోన్ నంబర్ రాయించండి, చప్పుళ్లకు తప్పిపోయే కుక్కలు ఈ రెండు నెలల్లోనే ఎక్కువ.

ఇక చిక్కం. ఎడ్లకు గుంటక తోలేటప్పుడు పైరు మేయకుండా కడతాం కదా, అలాంటిదే కుక్కకూ బుట్టలాగా దొరుకుతుంది. అవమానమేం కాదు. లోపల నోరు తెరిచి ఒగర్చగలగాలి, నీళ్లు తాగగలగాలి. మూతిని బిగించే గుడ్డ పట్టీలు కట్టొద్దు. కుక్క ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా ఒగర్చడం వల్లే, మన ఉక్కపోతలో అదాగితే ప్రాణం మీదికొస్తుంది. అలవాటు చేయడానికి బుట్ట అడుగున పెరుగు పూయండి. టైగర్ రెండు వారాల్లో తనంతట తానే మూతి దూర్చడం మొదలుపెట్టాడు.

చిత్తకార్తెలో తెల్లవారుజాము వాకింగ్ మానుకోండి, గుంపులు తిరిగేది అప్పుడే. ఆడకుక్క వెంట నాలుగైదు మగకుక్కలు కనిపిస్తే ఆ గల్లీలోకే పోవద్దు. మీ కుక్కకు ఆపరేషన్ చేయిస్తే ఆడకుక్కల వెంట పడటం తగ్గుతుంది, భయం మాత్రం దానితో పోదు. వీధికుక్క మీదికొస్తే ఉరకొద్దు, మీరు మధ్యలో నిలబడి గుప్పెడు తిండి దాని వైపు విసిరి, పక్కకు జరుగుతూ పోండి. రాయి తీసుకున్నట్టు వంగితే మన ఊళ్లో సగం కుక్కలు ఆగిపోతాయి. నిజంగా విసరాల్సిన పని లేదు.

దసరా రోజు చుట్టాలు వచ్చేసరికి కుక్క లోపలి గదిలో, తలుపు గడియతో. ‘ఏమనదు బావా, రా’ అనే మాట ఆ రోజుకు నోట్లోంచి రావొద్దు. మటన్ బొక్కలు పెట్టొద్దు, ఉడికినవి ముళ్లలా చీలుతాయి. దీపావళికి మధ్యాహ్నం నాలుగింటికే తిప్పుకొచ్చి, కిటికీలు మూసి, టీవీ పెట్టండి. బాగా బెదిరేదైతే నెల ముందే పశువైద్యుణ్ని కలవాలి. కొన్ని మత్తు మందులు కాళ్లను కట్టేస్తాయి తప్ప భయాన్ని తీయవు, కాబట్టి షాపులో అడిగి తెచ్చి వేయొద్దు.

కుక్కకు రేబిస్ టీకా తేదీ ఇప్పుడే చూసుకోండి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం రాయొద్దు. టీకా వేయించిన కుక్కే కరిచినా, ఆ మనిషిని అదే రోజు దవాఖానాకు తీసుకెళ్లాలి. నేనూ వెళ్లాను, కుంటుకుంటూ. కుక్కను అజాగ్రత్తగా వదిలి మనిషి ప్రాణానికి ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు.

మొన్న శ్రావణం పెళ్లి బరాత్ ఒకటి మా రోడ్డు మీదికొచ్చింది. మేం అరవై అడుగుల దూరంలో, ఆగి ఉన్న ఆటో పక్కన. టైగర్ చెవులు నిక్కించాడు, చూశాడు, తల నా వైపు తిప్పాడు. ముక్క ఇచ్చాను, వేళ్లకు పళ్లు తగలకుండా అందుకున్నాడు. ఇంకో పదడుగులు ముందుకు పోదామని మనసు బాగా లాగింది. ‘పద’ అన్నాను. ఇద్దరం తిరిగి ఇంటికొచ్చాం.