విశాఖ నుంచి విదేశాలకు తొలిసారి సరుకు పంపుతున్నారా? షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) ఆన్‌లైన్‌లో వేసే ముందు చూసుకోవాల్సినవి

ఐఈసీని (ఎగుమతి, దిగుమతులకు కావాల్సిన కోడ్) జూన్ 30లోపు అప్‌డేట్ చేయండి. వివరాలేమీ మారకపోయినా ఏటా ఏప్రిల్–జూన్ మధ్య డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) సైట్‌లో నిర్ధారించాలి. లేదంటే ఐఈసీ డీయాక్టివేట్ అవుతుంది. ఫ్రీజర్ కంటైనర్‌లో రొయ్యలు పోర్టు గేటు దాకా వచ్చాక ఈ సంగతి తెలిస్తే కరెంటు, అద్దె ఖర్చులు మీ నెత్తినే పడతాయి. అన్నిటికన్నా ముందు ఈ పని పూర్తిచేయండి.

ఇన్‌వాయిస్ నంబరు షిప్పింగ్ బిల్లులోనూ, జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీ రిటర్ను)లోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒక్క గీత, ఒక్క సున్నా తేడా వచ్చినా ఎస్‌బీ005 ఎర్రర్‌తో ఎగుమతిపై మీరు కట్టిన ఐజీఎస్‌టీ (సమీకృత జీఎస్‌టీ) రీఫండ్ ఆగిపోతుంది. చిన్న వ్యాపారికి ఆ డబ్బే తర్వాతి లోడుకు పెట్టుబడి. అందుకే జీఎస్‌టీ చూసే అకౌంటెంట్‌నూ, కస్టమ్స్ బ్రోకర్‌నూ ఒకే ఇన్‌వాయిస్ కాపీ చూసి నింపమనండి.

బ్యాంకు ఏడీ కోడ్ (విదేశీ చెల్లింపులు చూసే మీ బ్యాంకు శాఖ కోడ్) ఐస్‌గేట్ (కస్టమ్స్ పోర్టల్)లో ఆమోదం పొందిందో లేదో ముందే చూడండి. అది లేకుండా బిల్లు ముందుకు కదలదు.

పోర్టు కోడ్ ఐఎన్‌వీటీజెడ్1. ఇది ఓడరేవుది, విమానాశ్రయానిది వేరు.

డిజిటల్ సంతకం గడువు చూడండి. ఈ-సంచిత్ (కస్టమ్స్‌కు పత్రాలు ఆన్‌లైన్‌లో ఇచ్చే వ్యవస్థ)లో పత్రాలు ఎక్కించాలంటే అది చెల్లుబాటులో ఉండాలి.

పత్రాలు ఎక్కించాక వచ్చే ఐఆర్‌ఎన్ (ఒక్కో పత్రానికి ఇచ్చే గుర్తింపు) నంబర్లు రాసిపెట్టుకోండి, బిల్లులో ఇవ్వాలి.

రోడ్‌టెప్ (ఎగుమతి సరుకుపై పడ్డ పన్నులు, సుంకాలు వెనక్కిచ్చే పథకం) క్లెయిమ్ చేస్తున్నారో లేదో ప్రతి ఐటెమ్‌కూ బిల్లులోనే చెప్పాలి. బ్రోకర్ చూసుకుంటారులే అనుకోకండి, సబ్మిట్ చేసేముందు చెక్‌లిస్టు (బిల్లు ముసాయిదా) మీరే చదవండి.