పందిట్లో క్యూబ్ పోటీ: పిల్లలు ఎక్కడ ఆగిపోతారు, ఎలా సరిచేయాలి

వినాయక చవితి పందిట్లో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఏటా రూబిక్స్ క్యూబ్ పోటీ పెడతాం. ఒక పక్క మ్యూజికల్ చైర్స్, ఇంకో పక్క లెమన్ అండ్ స్పూన్, మధ్యలో ఒక మడత బల్ల. దాని మీద టైమరు పెట్టుకుని కూర్చునే పని నాది. ఆ బల్ల దగ్గర ఏడ్చిన పిల్లల్లో వేళ్లు నెమ్మదిగా తిరగడం వల్ల ఓడినవాళ్లు తక్కువే. మధ్యలో ఎక్కడో ఆగిపోయినవాళ్లే ఎక్కువ. వెనక నిలబడి "ఫాస్ట్‌గా, ఫాస్ట్‌గా" అని అరిచే అమ్మానాన్నలకు అసలు ఎందుకు ఆగిందో తెలియదు. ఆ కారణాలే ఇక్కడ రాస్తున్నాను.

చివరి అడుగులో కింది వరసలన్నీ చెదిరిపోయాయి

అన్నిటికంటే ఎక్కువ కన్నీళ్లు ఇక్కడే. వరస తర్వాత వరస కలిపే పద్ధతిలో ఆఖరున పసుపు పైకి పెట్టి, మూల ముక్కల్ని ఒక్కొక్కటిగా తిప్పుతారు. ఫార్ములా చిన్నదే: ఆర్ ప్రైమ్, డి ప్రైమ్, ఆర్, డి. ఆర్ అంటే కుడి పక్కను, డి అంటే కింది వరసను గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పడం. ప్రైమ్ అంటే అదే వెనక్కి తిప్పడం. ఆ మూలలో పసుపు పైకి వచ్చేదాకా ఇదే మళ్లీ మళ్లీ చేయాలి. ఈలోపు కింద కలిపిందంతా చెదిరినట్టు కనిపిస్తుంది. అది మామూలే, చివరికి దానంతటదే కుదురుకుంటుంది. కానీ టైమరు పరిగెడుతుంటే పిల్లవాడికి గుండె ఝల్లుమంటుంది. పాడుచేశాననుకుని చేతులు వదిలేస్తాడు.

నిజంగానే పాడయ్యే సందర్భాలు రెండున్నాయి. ఒకటి, పసుపు పైకి రాగానే సంబరపడి చివరి డి తిప్పకుండా వదిలేయడం. రెండోది, తర్వాతి మూల కోసం పై వరసను మాత్రమే తిప్పాల్సింది పోయి క్యూబ్ మొత్తాన్ని తిప్పేయడం. ఈ రెండిట్లో ఏది జరిగినా మళ్లీ దాదాపు మొదటికి రావాల్సిందే.

దీనికి నేను చెప్పే మందు లెక్కపెట్టడం. పసుపు పైకి లేని ఒక్కో మూలకు ఫార్ములా 2 సార్లు గానీ 4 సార్లు గానీ పడుతుంది. అన్ని మూలలకూ కలిపితే 6 గానీ 12 గానీ వస్తుంది. ఇంట్లో సాధన చేసేటప్పుడు పైకి లెక్కపెట్టమనండి. ఎడమ చేతి బొటనవేలు ముందు వైపు నడి ముక్క మీదే ఉంచమనండి, అప్పుడు క్యూబ్ పక్కకు తిరగదు.

లెక్క 6 రాలేదు, 12 రాలేదు

రెండేళ్ల కిందట ఎనిమిదేళ్ల పాప ఒకతె బల్ల దగ్గర ఇలాగే ఇరుక్కుంది. పైన పసుపంతా వచ్చేసింది, కింద మాత్రం చెల్లాచెదురు. "అంకుల్, ఫార్ములా మర్చిపోయాను" అని ముక్కు ఎగబీల్చింది. మర్చిపోలేదు. చేతులు చూస్తూనే ఉన్నాను, మొదటి మూలకు 2, రెండో మూలకు 2, మొత్తం 4. అలా రావడానికి వీల్లేదు. అంటే పాప చేతుల్లో తప్పు లేదు, క్యూబ్‌లోనే ఉంది. దాని మూల ముక్క ఒకటి ఉన్నచోటే మెలిపడింది.

లూజుగా ఉన్న క్యూబ్ కింద పడినా, స్కూల్ బ్యాగులో నలిగినా, వేలు అడ్డంగా తగిలినా ఇలా అవుతుంది. ఇంట్లో తమ్ముడు ఊడదీసి బిగించి ఉంటే ఇంకా అన్యాయం. ముక్కలన్నీ విప్పి చూడకుండా బిగిస్తే, కలపడానికి వీలయ్యే క్యూబ్ వచ్చే అవకాశం 12లో ఒకటే. మిగతా పదకొండింటిని ప్రపంచ చాంపియన్ కూడా కలపలేడు.

కనిపెట్టడం తేలిక. చివరి అడుగు మొదలుపెట్టేటప్పుడు మూడు మూలలు సరిగ్గా ఉండి ఒక్కటే తప్పుగా ఉంటే మూల మెలిపడినట్టే. కింది రెండు వరసలు అయ్యాక పైన పసుపు ప్లస్ గుర్తు కోసం చూస్తే, అంచు ముక్కల్లో (మూలల మధ్య ఉండే రెండు రంగుల ముక్కల్లో) పసుపు పైకి ఉన్నవి సున్నా, రెండు లేదా నాలుగు ఉండాలి. ఒకటో మూడో ఉంటే ఏదో అంచు ముక్కను తిరగేసి బిగించారు. అన్నీ కుదిరి రెండే ముక్కలు ఒకదాని చోట ఒకటి ఉంటే అదీ బిగింపులో తప్పే.

మెలిపడిన మూలను వేళ్లతో గట్టిగా పట్టుకుని అక్కడికక్కడే తిప్పేయొచ్చు. ప్రపంచవ్యాప్తంగా క్యూబ్ పోటీలను నడిపే వరల్డ్ క్యూబ్ అసోసియేషన్ నియమాలు కూడా పోటీ మధ్యలో దీన్ని ఒప్పుకుంటాయి, కాకపోతే టైమరు ఆగదు. అంచు ముక్క సంగతైతే విప్పి పెట్టాల్సిందే. పోటీకి ముందు రోజు రాత్రి ఒకసారి పూర్తిగా కలిపి చూసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇంట్లో 50 సెకన్లు, ఇక్కడ నిమిషంన్నర

"ఇంట్లో యాభైలో చేస్తాడండీ" అంటారు. నమ్ముతాను. కానీ అది వాడి జీవితంలో అన్నిటికంటే మంచి టైము. పోటీల్లో ఐదుసార్లు చేయించి, అన్నిటికంటే మంచిదీ చెడ్డదీ తీసేసి, మిగతా మూడింటికి సగటు కడతారు. ఇంట్లోనూ అలాగే రాసుకుంటే అసలు టైము తెలుస్తుంది, పందిట్లో ఆశ్చర్యపోయే పని ఉండదు.

ఇంకో కారణం, మొదలుపెట్టే ముందు చూసుకోవడానికి ఇచ్చే 15 సెకన్లు. చాలామంది పిల్లలు క్యూబ్‌ను అటూ ఇటూ తిప్పి అమ్మ వైపు చూస్తారు. ఆ సమయంలో, మొదట కలపాల్సిన తెల్ల అంచు ముక్కలు నాలుగూ ఎక్కడున్నాయో వెతకాలి. కనీసం మొదటి రెండింటినీ ఎలా తేవాలో అనుకోవాలి. 8 సెకన్లప్పుడు ఒకసారి, 12కి ఒకసారి జడ్జి పిలుస్తాడు. అది వినగానే ఉలిక్కిపడి వదిలేసేవాళ్లున్నారు. ఇంట్లో ఎవరైనా "ఎనిమిది", "పన్నెండు" అని పిలుస్తూ నాలుగు రోజులు చేయిస్తే ఆ టెన్షన్ పోతుంది.

ఇక వేగం. పిల్లలు ఫార్ములాను టకటకా తిప్పేసి, తర్వాతి ముక్క ఎక్కడుందో వెతుకుతూ మూడు నాలుగు సెకన్లు ఆగుతారు. ఆ ఆగడాలన్నీ కలిస్తేనే నిమిషంన్నర. ఫోన్‌లో వీడియో తీసి చూడండి, తెల్లబోతారు. కావాలనే నెమ్మదిగా తిప్పుతూ, చేతులు ఒక ముక్క పని చేస్తుంటే కళ్లు తర్వాతి ముక్కను వెతకడం అలవాటు చేయించాలి. మొదటి వారం టైము పెరుగుతుంది. కంగారు పడకండి.

మా పందిట్లో మాకే తెలియకుండా మేం చేసిన తప్పొకటుంది. మొదటి ఏడాది బల్ల మీద పసుపు బల్బు వేలాడదీశాం. ఆ వెలుగులో ఎరుపు, నారింజ ఒకేలా కనిపించి పిల్లలు తప్పు ముక్కల్ని తెచ్చి పెట్టారు. ఇప్పుడు తెల్ల ఎల్ఈడీ లైటు పెడుతున్నాం.

టైమరు మొదలవ్వదు, లేదా 2 సెకన్లు కలిపారు

పోటీ టైమరుకు రెండు పక్కలా మెత్తలుంటాయి. చేతులు రెండూ వాటి మీద పెడితే ఎర్ర దీపం, కాసేపు కదలకుండా ఉంచితే ఆకుపచ్చ దీపం. ఆకుపచ్చ రాకముందే చేతులెత్తేస్తే మొదలవ్వదు. ఫోన్ టైమరుకు అలవాటుపడ్డ పిల్లలకు ఇది కొత్త.

2 సెకన్ల జరిమానా చాలావరకు ఆఖరి తొందర వల్లే. పై వరస ఇంకా సగం తిరగాల్సి ఉండగానే క్యూబ్ పడేసి టైమరు కొడతారు. ఆ వరస 45 డిగ్రీల కంటే ఎక్కువ వంకరగా ఉంటే 2 సెకన్లు కలుస్తాయి. క్యూబ్ చేతిలో ఉండగానే టైమరు ఆపినా అంతే. ఆపాక పొరపాటున వంకర సరిచేయడానికి చెయ్యి పెడితే మాత్రం ఆ ప్రయత్నమే చెల్లకపోవచ్చు. "బల్ల మీద పెట్టు, వదులు, అప్పుడు కొట్టు" అని మూడు మాటలు నేర్పండి.

క్యూబ్ బిగుసుకుపోతోంది, లేదా ముక్క ఎగిరిపోతోంది

రెండూ స్క్రూ సంగతే. నడి ముక్కల మూతలు తీస్తే లోపల స్క్రూ ఉంటుంది. ఎగిరిపోతుంటే ఆరింటినీ పావు చుట్టు బిగించండి, పట్టేస్తుంటే పావు చుట్టు వదులు చేయండి. ఒకదాన్నే తిప్పి ఊరుకుంటే ఒక పక్క జారుతుంది, ఒక పక్క పట్టేస్తుంది. గరగరమంటే క్యూబ్‌ల కోసం అమ్మే సిలికాన్ లూబ్ రెండు చుక్కలు చాలు.

కొబ్బరినూనె వద్దు. మొదట రెండు రోజులు జారుతుంది, తర్వాత దుమ్ము పట్టి జిగురవుతుంది. పోయినేడాది ఒక బాబు తెచ్చిన క్యూబ్ పట్టుకుంటే నా చేతులకు పూజ గది వాసన వచ్చింది. వాళ్ల నానమ్మ ప్రేమగా రాసి పంపిందట. ముక్కలు విప్పి, గోరువెచ్చటి సబ్బు నీళ్లలో కడిగి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, రంగు రంగుకు జత చూసి బిగించేసరికి హారతి టైమైంది. వాడి వంతు హారతి తర్వాతకు మార్చాం.