వసంతంలో పెళ్లి, గాలికి నిలిచే ముడి

మా చెల్లి పెళ్లిలో ఐదుగురు తోడిపెళ్లికూతుళ్లకూ ఒకే హెయిర్‌స్టైల్ ఉండాలని పట్టుబట్టింది నేనే. అందరం కర్ల్స్ చేయించుకుని జుట్టు విరబోసుకున్నాం. ఆరుబయట పెళ్లి, వసంతకాలపు గాలి. సగం ఫొటోల్లో మొహాలే కనపడవు.

అప్పట్నుంచి నేను ముందు అడిగేది పెళ్లి ఎక్కడ అని. ఆరుబయటైతే ముడి, వదులుగా అల్లిన జడ, లేదంటే ముందు జుట్టు వెనక్కి కట్టి మిగతాది వదిలేయడం. ఆ తర్వాత డ్రెస్ నెక్ చూస్తాను. వీపు మీద మంచి పనితనం ఉంటే జుట్టు పైకెత్తాల్సిందే, లేకపోతే అది ఎవరికి కనపడాలి?

అందరికీ అచ్చు ఒకేలా వద్దు. ముడి మెడ దగ్గర ఉండాలన్నది ఒక్కటే నియమం పెట్టండి. పొట్టి జుట్టమ్మాయి రెండు పాయలు మెలిపెట్టి పిన్ను చేసుకుంటే చాలు. ఉంగరాల జుట్టును ఐరన్ చేసి సాగదీయకండి, గాలిలో తేమ తగిలితే మళ్లీ ముడుచుకుంటుంది.

తలస్నానం ముందురోజే కానివ్వండి. అప్పుడే కడిగిన జుట్టులో పిన్నులు జారతాయి. పిన్నుకి వంకీలున్న వైపు తలకి ఆనాలి. రెండు పిన్నులు ఇంటూ గుర్తులా పెడితే కదలవు.

పూలు చిన్నవే, అదీ ఆఖర్న. పెద్ద గులాబీ బరువుకి ముడి జారుతుంది.

మనిషికి 45 నిమిషాలు వేసుకుంటే ఐదుగురికి దాదాపు 4 గంటలు. ఇద్దరు హెయిర్‌డ్రెసర్లుంటే టెన్షన్ ఉండదు. ట్రయల్ రోజు తల గట్టిగా ఊపి చూడండి.