కమ్రునాగ్ చెరువుకి ఎలా వెళ్లాలి? ఒడిశాలోని రాయగడ నుంచి బయల్దేరే మనవాళ్ల కోసం

హిమాచల్ ప్రదేశ్‌లో, మండి జిల్లా కొండల మీద, దేవదారు చెట్ల మధ్య ఒక చెరువు ఉంది. జనం తరతరాలుగా అందులో బంగారం, వెండి, నాణేలు వేస్తూనే ఉన్నారు. బయటికి తీయడమన్నది లేదు. తిరుపతి వెంకన్నకి నిలువుదోపిడి మొక్కుకునే మనకి ఇది వింతేమీ కాదు. కాకపోతే అక్కడ హుండీ, ఇక్కడ నీళ్లు. హుండీలో వేసింది లెక్కకి వస్తుంది, ఈ చెరువులో వేసింది అడుక్కి పోతుంది, అంతే.

మా మరిది కొన్నాళ్లు మండి వైపు రోడ్డు పనుల్లో సూపర్‌వైజరుగా చేశాడు. వర్షాకాలంలో అతని నుంచి నాలుగు రోజులు ఫోన్ లేకపోయేసరికి మా అత్తయ్య మన రాయగడ అమ్మవారు మజ్జిగౌరమ్మకి మొక్కుకుంది, అతను ఎప్పుడో చెప్పిన ఆ కొండ దేవుడికీ మొక్కుకుంది. అమ్మవారి మొక్కు మర్నాడే తీరిపోయింది. రెండోది తీర్చడానికే ఇంటిల్లిపాదీ వెళ్లాం. మేం చేసిన తప్పులు మీరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఎప్పుడు వెళ్లాలో తేల్చుకోండి. చలికాలంలో పైన మంచు పడుతుంది, దారి మూసుకుపోతుంది కాబట్టి ఆ ఆలోచన వద్దు. జులై, ఆగస్టు కూడా వద్దనే చెప్తాను. 2023లోనూ 2025లోనూ వానలకి మండి జిల్లా ఎంత దెబ్బతిందో టీవీలో చూశాం కదా, కొండచరియలు విరిగి రోడ్డు మీద పడితే ఎన్ని రోజులు ఇరుక్కుపోతామో ఎవరూ చెప్పలేరు. మే నెల, జూన్ మొదటి సగం, మళ్లీ సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా మంచి రోజులు. జాతర చూడాలనుకుంటే మాత్రం జూన్ మధ్యలో ఆషాఢ సంక్రాంతికి వెళ్లాలి. సరిగ్గా మనకి ఇక్కడ ఒడిశాలో తొలకరి పండగ రొజొ జరిగే రోజులే అవి. మన వీధుల్లో చెట్లకి ఉయ్యాలలు కట్టి, పొడొపిఠా అనే పిండివంట చేసుకుని తొలకరి కోసం చూస్తుంటాం, అదే సమయంలో అక్కడివాళ్లు కమ్రునాగ్ దగ్గరికి వాన అడగడానికి ఎక్కుతారు. ఆయన వాన దేవుడు, మండి ప్రాంతానికి పెద్ద దేవుడు, బడా దేవ్ అంటారు. నాకైతే ఈ రెండు పండగలు ఒకే రోజుల్లో రావడం చాలా నచ్చింది. కానీ జాతరలో విపరీతమైన రద్దీ, పెద్దవాళ్లతో వెళ్తే వేరే రోజులు చూసుకోండి.

ఇక రైలు. రాయగడ మీదుగా అమృత్‌సర్ వెళ్లే హీరాకుడ్ ఎక్స్‌ప్రెస్ ఉంది, అంబాలాలో దిగిపోవచ్చు. అది రోజూ ఉండదు, రోజులు చూసుకుని ముందే రిజర్వేషన్ చేయించుకోండి. దొరక్కపోతే సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ నిజాముద్దీన్ దాకా వెళ్లి, కశ్మీరీ గేట్ బస్టాండ్‌లో మనాలీ బస్సు ఎక్కి సుందర్‌నగర్‌లో దిగాలి. అంబాలాలో దిగినవాళ్లు చండీగఢ్ వెళ్లి, సెక్టార్ 43 బస్టాండ్‌లో అదే మనాలీ బస్సు పట్టుకోవచ్చు. గుణుపురం వాళ్లు రాయగడ వచ్చేస్తే సరిపోతుంది. చండీగఢ్ దాటాక కొండ మలుపులు మొదలవుతాయి, కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు బస్సెక్కే ముందు కడుపు నిండా తినకండి. మా ఆయన మాట వినకుండా పరాఠాలు తిన్నారు, బిలాస్‌పూర్ దాకా కిటికీలోంచి తల లోపలికి పెట్టలేదు.

సుందర్‌నగర్ నుంచి రోహాండా అనే ఊరికి దాదాపు 35 కిలోమీటర్లు. కర్సోగ్ వైపు వెళ్లే బస్సులు ఆ దారినే పోతాయి, లేదంటే టాక్సీ మాట్లాడుకోండి. ఇక్కడే మేం తప్పు చేశాం. పొద్దున్న సుందర్‌నగర్‌లో బయల్దేరి, రోహాండాలో బస్సు దిగి అలాగే ఎక్కడం మొదలుపెట్టాం. అలా చేయకండి. ఒక రాత్రి రోహాండాలో పడుకోండి. మన ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, ఈ చెరువు దానికి దాదాపు రెట్టింపు ఎత్తులో, సుమారు 3,330 మీటర్ల దగ్గర ఉంది. కొండలు మనకి కొత్త కాదు, చిన్నప్పటి నుంచి వాటి మధ్యే పెరిగాం అని ధైర్యం చేస్తాం కానీ, ఆ ఎత్తులో గాలి వేరు. మన కొండ ఎక్కితే కాళ్లు నొప్పెడతాయి, అక్కడ ముందు ఊపిరి అందదు.

రోహాండా నుంచి నడక 6 కిలోమీటర్లు, ఎక్కువగా ఎక్కుడే. అక్కడివాళ్లు మూడు గంటల్లో ఎక్కేస్తారు, మనం అయిదు గంటలు వేసుకోవాలి. తెల్లవారి ఆరు, ఏడు మధ్య బయల్దేరండి. పది నిమిషాలు నడవడం, రెండు నిమిషాలు నిలబడటం, ఇలా వెళ్తే అలుపు తగ్గుతుంది. పోటీ పడి ఎక్కొద్దు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతి వచ్చేలా ఉన్నా, నడుస్తుంటే తూలుతున్నా మొక్కు సంగతి పక్కన పెట్టి వెంటనే కిందికి దిగండి. ఎంత దగ్గరికి వచ్చేసినా సరే దిగాల్సిందే, ఈ విషయంలో మొహమాటం వద్దు. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు ఇంట్లో టికెట్టు కొనే ముందే డాక్టర్ని అడగాలి.

సంచిలో ఏం పెట్టుకోవాలంటే, ఎండాకాలమైనా స్వెట్టరు, వానకోటు, పట్టున్న బూట్లు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు. తినడానికి మనింటి చెక్కలు, జంతికలు, వేయించిన అటుకులు బాగా పనికొస్తాయి. సీజన్లో దారిలో టీ కొట్లు ఉంటాయి, వాటినే నమ్ముకుని ఖాళీ చేతులతో వెళ్లొద్దు. ఫోన్ సిగ్నల్‌నీ నమ్మొద్దు, చిల్లర డబ్బులు దగ్గర పెట్టుకోండి.

చెట్లు అయిపోయి ఒక్కసారిగా ఖాళీ వస్తుంది, అక్కడే చెరువు. పెద్ద సరస్సును ఊహించుకుని వెళ్లకండి, మన ఊరి కోనేరు కన్నా కాస్త పెద్దదేమో. ఒడ్డునే కొయ్యతో కట్టిన గుడి. చెప్పులు విప్పి ముందు గుడిలో దణ్ణం పెట్టుకోండి.

కథ తెలిస్తే దర్శనం వేరుగా ఉంటుంది. మనం చిన్నప్పుడు విన్న బర్బరీకుడి కథకి ఇది చాలా దగ్గర. కమ్రునాగే ఆ కథలో వీరుడు, అప్పటి ఆయన పేరు రత్న యక్షుడు. కురుక్షేత్రంలో ఎవరు ఓడిపోతుంటే వాళ్ల వైపు యుద్ధం చేస్తానన్నాడు, అలా అయితే యుద్ధం తేలదని కృష్ణుడు ఆయన తలనే దానంగా అడిగాడు. ఇస్తాను కానీ యుద్ధం చూడాలని ఉంది అన్నాడు, అందుకని ఆ తలని ఎత్తయిన చోట నిలబెట్టారు. తర్వాత పాండవులు ఆయన్ని దేవుడిగా కొలిచారనీ, ఆయన దాహం కోసం భీముడు ఈ చెరువు చేశాడనీ చెప్తారు. అడుగున ఉన్న బంగారం దేవతలదనీ, పాము కాపలా ఉందనీ, చెరువు పాతాళం దాకా ఉందనీ నమ్మకం. ఎంత బంగారం ఉందో అని అక్కడ నిలబడి లెక్కలు కట్టకండి, అక్కడివాళ్ల మనసు నొచ్చుకుంటుంది. నీళ్లలో చెయ్యి పెట్టి దేన్నీ తాకొద్దు. ఒడ్డు దగ్గర మెరిసే నాణెం కనిపించినా సరే.

మొక్కు ఉంటేనే బంగారం వేయాలి. లేదంటే ఒక రూపాయి నాణెం చాలు, అది కూడా తప్పనిసరి కాదు. నోట్లు, పాలిథిన్ కవర్లో పెట్టిన పువ్వులు వేయకండి, అవి తేలుతూ ఒడ్డున కుళ్లుతున్నాయి, చూస్తే బాధేసింది.

మా అత్తయ్య తన ముక్కుపుడక వేసింది. నలభై ఏళ్లుగా ముక్కుకి ఉన్నది, చలికి వేళ్లు కొంకర్లు పోయి శీల ఊడి రాలేదు. నేను కాస్త నూనె రాసి తిప్పాను. చేతిలోకి వచ్చాక దాన్ని ఒకసారి కొంగుతో తుడిచింది, కళ్లకద్దుకుంది, విసరలేదు, వంగి నీళ్లలో వదిలింది. కందిగింజంత ఉంటుందేమో, పడిన చోట చిన్న ముడత లేచింది, అంతలోనే సర్దుకుంది. ఆవిడ ముక్కు మీద సన్నటి తెల్లటి మచ్చ కనిపించింది, నేను కోడలిగా వచ్చాక ఎప్పుడూ చూడని చోటు. "ఇంక పదండమ్మా, చీకటి పడిపోద్ది" అంది.

ఆవిడ అన్నది నిజమే. మధ్యాహ్నం రెండు దాటకుండా దిగడం మొదలుపెట్టండి, దేవదారు అడవిలో చీకటి తొందరగా పడుతుంది. దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువు పడుతుంది, ఒక కర్ర చేతిలో ఉంటే మేలు, అడుగులు అడ్డంగా వేస్తూ రండి. తిన్న కవర్లన్నీ మీ సంచిలోనే కిందికి తెచ్చేయండి. ఆ రాత్రికి కూడా రోహాండాలో గది ముందే మాట్లాడి పెట్టుకోండి, ఎందుకంటే దిగి వచ్చాక సుందర్‌నగర్ బస్సు కోసం రోడ్డు మీద నిలబడే ఓపిక ఎవరికీ ఉండదు.