ఎర్ర వైన్ రుచి చూడటం, 5వ పాఠం: ద్రాక్ష మరీ మాగితే

పోయిన పాఠంలో పులుపును, వగరును విడివిడిగా గుర్తుపట్టడం చూశాం. ఈసారి తీసుకునేది పేచీ పెట్టే సీసా. ఒక ఏడాది అద్భుతంగా, మరో ఏడాది ముద్దగా వైన్ తీసే కంపెనీది. ఒక్క గుక్కకే పక్కన పెట్టేయకండి. లోపం తోటలో వచ్చిందా, దారిలో వచ్చిందా తేల్చాలి.

ముందు సీసాను చల్లబరచండి. ఎర్ర వైన్‌ను గది వేడిలోనే తాగాలన్న మాట చలి దేశాలది. మే నెలలో నల్లగొండలో గది వేడికి ఆల్కహాల్ ఆవిరి నేరుగా ముక్కుకు కొడుతుంది, మంచి వైన్ కూడా ఘాటుగానే తోస్తుంది. ఐసు, నీళ్లు కలిపిన బకెట్‌లో ఓ ఇరవై నిమిషాలు ఉంచండి. 16-18 డిగ్రీల దగ్గరికి వస్తే చాలు.

ఇప్పుడు వాసన చూడండి. తాజా పండు వాసన ఉండాల్సిన చోట కిస్‌మిస్, ఖర్జూరం, జామ్ తగులుతాయి. నాలుక మీద మొదట తియ్యగా అనిపిస్తుంది, నడుమ పట్టు సడలుతుంది, మింగాక గొంతు మండుతుంది. లేబుల్ మీద ఆల్కహాల్ 15 శాతమో, ఇంకా ఎక్కువో ఉంటే అనుమానం బలపడుతుంది. లీటరు రసంలో దాదాపు 17 గ్రాముల చక్కెర పులిస్తే 1 శాతం ఆల్కహాల్ వస్తుంది. కాయ తీగ మీద ఎక్కువ రోజులు ఉన్నకొద్దీ చక్కెర పెరిగి పులుపు పడిపోతుంది. చెట్టు మీదే వదిలేసిన మన బత్తాయి తియ్యగా ఉండి కూడా సప్పబడినట్టు.

మన దేశంలో వైన్ ద్రాక్ష ఎక్కువగా పండే నాసిక్ వైపు కోతలు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా సాగుతాయి. ఎండలు ముదిరాక పండు ఆగదు, కూలీలు దొరక్క కోత వారం ఆలస్యమైనా వైన్ తీరు మారిపోతుంది. జిన్‌ఫాండెల్ అనే ద్రాక్ష రకం మరీ మొండిది. ఒకే గుత్తిలో కొన్ని పచ్చిగా, కొన్ని ఎండిపోయి ఉంటాయి. అందుకే ఏడాదికో రుచి ఇచ్చే కంపెనీని నేను తొందరపడి తప్పుపట్టను.

దారిలో తగిలిన దెబ్బ వేరు. ఎండ పడే వైన్స్ షాపు అద్దాల దగ్గర నిలబెట్టిన సీసాలో బిరడా కాస్త పైకి లేచి ఉండొచ్చు, మెడ దగ్గర కారిన మరక కనబడొచ్చు. తిప్పే మూతైతే ఈ గుర్తులు అంతగా దొరకవు, ముక్కునే నమ్ముకోవాలి. మరీ మాగిన వైన్‌లో పండు వాసన దట్టంగా ఉంటుంది. వేడికి చెడినదాంట్లో పండు పోయి, ఉడికిన వాసన మిగులుతుంది. ఈ పాఠంలో గట్టిగా పట్టుకోవాల్సింది ఈ తేడానే.

సాధనకు ఒక గిన్నెలో కిస్‌మిస్ నానబెట్టండి, ఇంకో గిన్నెలో నల్లద్రాక్ష చిదమండి. కళ్లు మూసుకుని మార్చి మార్చి వాసన చూడండి. తర్వాత అదే వైన్‌వి రెండు వేర్వేరు సంవత్సరాల సీసాలు పక్కపక్కన పోసి, తేడాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠంలో వెనిగర్ వాసన వేసే సీసాల సంగతి చూద్దాం.